వంటగట్టు వెనక తెల్ల గోడ: చింతూరు వంటింట్లో ఒక డిజైన్ పాఠం

మన సిలబస్‌లో వంతెన ఉంది, ఆనకట్ట ఉంది, నాలుగు లేన్ల రోడ్డు ఉంది. వంటగట్టు వెనక ఉండే రెండడుగుల గోడ మాత్రం ఏ యూనిట్‌లోనూ లేదు. నిజానికి ఇంట్లో రోజూ ఎక్కువ దెబ్బలు తినే గోడ అదే. పొయ్యి వేడి, అన్నం ఆవిరి, తాలింపు నూనె, పసుపు, చింతపండు పులుసు, సబ్బు నీళ్ళు అన్నీ దాని మీదే పడతాయి. ఇన్ని తట్టుకోవాల్సిన గోడకు డిజైన్ అంటే మనం చేసేది సాధారణంగా షాపుకెళ్ళి బొమ్మ నచ్చిన టైలు కొనడమే.

ఈ వేసవి సెలవుల్లో చింతూరులో మా పిన్నివాళ్ళ వంటింటికి ఈ గోడ డిజైన్ చేసే పని నా మీద పడింది. సివిల్ చదువుతున్నాను కాబట్టి తప్పించుకోలేకపోయాను. అందులో నేర్చుకున్నదంతా క్లబ్ మిత్రుల కోసం పాఠంలా రాస్తున్నాను. నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను: తెల్ల టైలు ఎంచుకోవడం రంగు ఎంపిక కాదు, మరమ్మతు ఎంపిక. అది ఎలాగో కింద చూద్దాం.

1. ముందు పేరు సంగతి

ఇంగ్లీషు వాళ్ళు దీన్ని బ్యాక్‌స్ప్లాష్ అంటారు. మన మేస్త్రీలెవరూ ఆ మాట అనరు. "డాడో ఎంత ఎత్తు పెట్టమంటారు?" అని అడుగుతారు. డాడో ఇటాలియన్ మాట. పాచిక అని అర్థం, అంటే చదరపు దిమ్మ. స్తంభం కింద ఉండే పీఠం దిమ్మ నుంచి ఆ పేరు గోడ కింది భాగానికి వచ్చింది. రోమ్ నుంచి భద్రాచలం దాకా ఆ మాట మేస్త్రీల నోట్లోనే ప్రయాణం చేసిందన్నమాట.

తెలుగులో ఒక మాట కావాలంటే నేను "చిందుగోడ" అంటాను. తాలింపు చిందేది అక్కడే, ఆవాలు చిందులేసేదీ అక్కడే. నచ్చితే వాడండి. నచ్చకపోతే డాడో ఎలాగూ ఉంది.

2. చింతూరు గోడ ఎందుకు వేరు

చింతూరు దగ్గర సీలేరు వచ్చి శబరిలో కలుస్తుంది. శబరి అక్కణ్ణుంచి కూనవరం వెళ్ళి గోదావరిలో కలుస్తుంది. గోదావరి మామూలుగా ఉన్నంతసేపు ఇబ్బంది లేదు. గోదావరి పొంగితే మాత్రం శబరి నీరు ముందుకు పోలేక వెనక్కి ఎగదన్నుతుంది. ఊళ్ళోకి వచ్చే వరద ఆ వెనక్కి తన్నిన నీరు. ఉరికి వచ్చి కొట్టి పోయే నీరు కాదు. మెల్లగా ఎక్కుతుంది, నిలబడుతుంది, మెల్లగా దిగుతుంది. గోడకు ఇదే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే ఇటుక నిండా తాగడానికి దానికి కావలసినంత టైము దొరుకుతుంది.

భద్రాచలం దగ్గర గోదావరికి 43 అడుగులు మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. 1986 ఆగస్టులో అక్కడ 75.6 అడుగులు నమోదైంది. 2022 జూలై 16న 71.3 అడుగులకు చేరింది. ఆ జూలైలో పిన్నివాళ్ళ వంటింట్లో నీళ్ళు గట్టు దాటి జానెడు పైకి వచ్చాయి. గోడ మీద గోధుమరంగు గీత ఇంకా ఉంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. చింతూరు మండలంలో కొన్ని ఊళ్ళు పోలవరం ముంపు జాబితాలో ఉన్నాయి. 2014 దాకా ఈ మండలం ఖమ్మం జిల్లా, తర్వాత తూర్పు గోదావరి జిల్లా, 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. ఇల్లు కదల్లేదు గానీ ఇంటి అడ్రసు కదులుతూనే ఉంది. ఇలాంటి చోట గోడ మీద డబ్బు పెట్టేముందు ఎవరికైనా వచ్చే అనుమానమే పిన్నికీ వచ్చింది: "మళ్ళీ నీళ్ళొస్తే ఈ టైల్సు ఏమైపోతాయిరా?" డిజైన్ మొత్తం ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి. అందంగా ఉందా లేదా అన్నది ఆ తర్వాత.

3. తెలుపే ఎందుకు

షాపులో చూపించినవి హైలైటర్ టైల్సు. కప్పూ సాసరూ, ద్రాక్షగుత్తి, క్యాప్సికం ముక్కల బొమ్మలు. పిన్నికి అవి నచ్చాయి. "తెల్లవి వేస్తే ప్రతి చుక్కా కనపడుద్ది గదరా, ఎవరు తుడుస్తారు?" అంది. న్యాయమైన ప్రశ్నే. దానికి మూడు జవాబులున్నాయి.

మొదటిది వెలుతురు. ఆ వంటింటికి ఒక్కటే చిన్న కిటికీ. తెల్లటి నున్నని పలక తన మీద పడ్డ కాంతిలో సుమారు 80 శాతం వెనక్కి ఇస్తుంది. మసి పట్టిన సిమెంటు గోడ అందులో సగం కూడా ఇవ్వదు. వానాకాలం మధ్యాహ్నం కరెంటు లేనప్పుడు ఈ తేడా కత్తిపీట ముందు కూర్చున్నవాళ్ళకు బాగా తెలుస్తుంది. 1904లో న్యూయార్క్ భూగర్భ రైలు స్టేషన్లకు తెల్ల పలకలు వేయడానికి ఒక కారణం ఇదే. సూర్యుడు లేని చోట వెలుతురు పెంచాలి, కడిగితే శుభ్రం కావాలి. ఇప్పుడు సబ్‌వే టైలు పేరుతో అమ్మే 3 అంగుళాలు, 6 అంగుళాల పలక అక్కడిదే.

రెండోది మరక కనపడటం. ఇది లోపం కాదు, పని. బొమ్మల టైలు మీద నూనె జిడ్డు ఏడాది దాకా దాక్కుంటుంది. గోడ లోపలి నుంచి చెమ్మ వస్తున్నా, జాయింట్లో బూజు మొదలైనా తెల్ల గోడ వెంటనే చెప్పేస్తుంది. అలాగని తెలుపొక్కటే శుభ్రతకు గుర్తు అనుకోనక్కర్లేదు. 1926లో మార్గరెటే షూటె-లిహోట్స్కీ అనే ఆర్కిటెక్ట్ ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కార్మికుల ఇళ్ళ కోసం చేసిన వంటింటి డిజైన్‌లో చెక్క అల్మరాలకు నీలం వేశారు. నీలం మీద ఈగలు వాలవని అప్పటి నమ్మకం. రంగు వెనక ఎప్పుడూ ఏదో ఒక అవసరం ఉంటుందని చెప్పడానికే ఈ ఉదాహరణ.

మూడోది మరమ్మతు. చింతూరులో అసలు జవాబు ఇదే. హైలైటర్ బొమ్మ మార్కెట్లో ఎన్నాళ్ళుంటుందో ఎవరూ చెప్పలేరు. రెండేళ్ళకు డిజైన్ మారిపోతే విరిగిన ఒక్క ద్రాక్షగుత్తికి జత దొరకదు, వరసంతా పీకాలి. బొమ్మలేని తెల్ల పలక పదేళ్ళ తర్వాత కూడా భద్రాచలంలోనో రాజమండ్రిలోనో దొరుకుతుంది. వరద ఊళ్ళో కట్టేవాడు "ఇది ఎంతకాలం ఉంటుంది?" అని అడిగితే సరిపోదు. "ఇందులో ఏది ముందు పోతుంది, దాన్ని మార్చడం ఎంత తేలిక?" అని కూడా అడగాలి.

ఈ మాట చెప్పాక పిన్ని ద్రాక్షగుత్తిని వదిలేసింది. మరక విషయంలో మాత్రం తన షరతు తను పెట్టింది. అది జాయింట్ల దగ్గర చెబుతాను.

4. తెలుపు మట్టిది కాదు, పూతది

ఒక టైలు తిరగేసి చూడండి. వెనక వైపు ఎర్రగానో గోధుమగానో ఉంటుంది. తెలుపంతా పైన గాజులాంటి పూతలో ఉంది. ఈ విద్య కొత్తది కాదు. తొమ్మిదో శతాబ్దంలో ఇరాక్‌లోని బస్రా కుమ్మరులు చైనా తెల్ల పింగాణీని చూసి, తమ దగ్గర అలాంటి మట్టి లేక, మామూలు మట్టిపాత్ర మీద తగరం కలిపిన తెల్ల పూత పూశారు. ఇప్పుడు తగరం బదులు ఎక్కువగా జిర్కాన్ వాడతారు. మన తూర్పు తీరపు బీచ్ ఇసుకలో కూడా దొరికే ఖనిజమే అది.

ఇంజనీరుకు దీనివల్ల తెలియాల్సింది ఒకటుంది. ముందు వైపు నీరు తాగదు, వెనక వైపు తాగుతుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 15622 టైల్సును నీరు పీల్చే శాతాన్ని బట్టి గ్రూపులుగా విడదీస్తుంది. 0.5 శాతం లోపు పీల్చేవి ఒక చివర, మనం విట్రిఫైడ్ అనేవి అవే. 10 శాతం పైన పీల్చేవి ఇంకో చివర, మామూలు గోడ టైల్సు ఇవే. 200 మి.మీ., 300 మి.మీ. గోడ పలక ఒకటి సుమారు 750 గ్రాములుంటుంది. 10 శాతం అంటే 75 గ్రాములు, ఒక చిన్న గ్లాసు టీ అంత నీరు. నిలిచిన వరదలో ఒక్కో పలకా తన వెనక ఒక గ్లాసు టీ దాచుకుంటుంది. ఆ నీరు ముందు నుంచి బయటికి రాలేదు. జాయింట్ల గుండా రావాలి, లేదంటే గోడ అవతలి వైపు నుంచి ఆరాలి. ఈ ఒక్క విషయం గుర్తుంటే తర్వాతి నిర్ణయాలన్నీ వాటంతటవే తేలతాయి.

5. పలక సైజు: జాయింట్ల లెక్క

మా గోడ పొడవు 2400 మి.మీ., చిందుగోడ ఎత్తు సుమారు 600 మి.మీ. వైశాల్యం 1.44 చదరపు మీటర్లు. ఇదే గోడకు మూడు సైజుల పలకలు వేసి, లోపల వచ్చే జాయింట్ల మొత్తం పొడవు లెక్కేద్దాం. ముందు జాయింటు వెడల్పు పట్టించుకోవద్దు.

సబ్‌వే పలక, 75 మి.మీ. ఎత్తు, 150 మి.మీ. వెడల్పు: 8 వరసలు, వరసకు 16, మొత్తం 128 పలకలు. అడ్డ జాయింట్లు 7, ఒక్కోటి 2.4 మీటర్లు, కలిపి 16.8. నిలువువి వరసకు 15, మొత్తం 9. వెరసి 25.8 మీటర్లు.

200 మి.మీ. ఎత్తు, 300 మి.మీ. వెడల్పు పలక: 3 వరసలు, వరసకు 8, మొత్తం 24 పలకలు. అడ్డం 4.8, నిలువు 4.2. వెరసి 9 మీటర్లు.

300 మి.మీ. వెడల్పు, 600 మి.మీ. ఎత్తు పెద్ద పలక నిలబెట్టి: 8 పలకలు, ఒకే వరస. జాయింట్లు 4.2 మీటర్లు మాత్రమే.

తుడిచే మనిషికి జాయింటే శత్రువు కాబట్టి పెద్ద పలకే గెలవాలి. కానీ గోడ ఆరడానికి జాయింటే దారి కదా! పైగా పెద్ద పలక ఒక్కటి విరిగితే గోడలో ఎనిమిదో వంతు పోయినట్టు. రెండడుగుల పలక వంకర గోడ మీద సరిగ్గా కూర్చోదు. పాత ఇటుక గోడ ఎప్పుడూ కాస్త వంకరే. సబ్‌వే పలక ఫొటోలో అందంగా ఉంటుంది గానీ 25.8 మీటర్ల జాయింటు తోమాల్సింది ఫొటో తీసినవాడు కాదు. మధ్యలో ఉన్న 200-300 పలక తీసుకున్నాం. మన ఊళ్ళలో 8-12 అంగుళాల టైలు అని అడిగితే ఇచ్చేది ఇదే.

24కు పది శాతం కలిపితే 26.4, అంటే 27. పిన్నివాళ్ళు ఇంకో అయిదు ఎక్కువ తీసుకున్నారు. ఆ అయిదూ అటక మీద ఉన్నాయి, వరద అందనంత ఎత్తులో. డబ్బా మీద షేడ్ నంబరు, బ్యాచ్ నంబరు ఉంటాయి. తెలుపులో కూడా పది తెలుపులున్నాయి. ఒక డబ్బా నీలం ఛాయ, ఇంకోటి పాలమీగడ ఛాయ వస్తే షాపు ట్యూబులైటు కింద తెలియదు, ఇంట్లో కిటికీ వెలుతురులో తెలుస్తుంది. అన్ని డబ్బాల మీదా ఒకే నంబరు ఉందో లేదో అక్కడే చూసుకోండి.

6. గీత గీయడం

ఇప్పుడు జాయింటు వెడల్పు కలుపుదాం. స్పేసరు 2 మి.మీ. రెండు మూలల్లో సిలికాన్ కోసం 3 మి.మీ. చొప్పున వదలాలి.

8 పలకలు, 7 జాయింట్లు, 2 మూలలు: 2400 + 14 + 6 = 2420. గోడ కంటే 20 మి.మీ. ఎక్కువ. ఒక చివర నుంచి మొదలుపెట్టి పోతే ఆ 20 అంతా ఆఖరి పలక మీద పడుతుంది. మధ్య నుంచి మొదలుపెడితే రెండు చివరి పలకలూ చెరో 10 మి.మీ. తగ్గి 290 అవుతాయి. కంటికి తేడా తెలియదు. సరిచూసుకోండి: 6 × 300 + 2 × 290 + 14 + 6 = 2400.

ఎత్తు: గట్టుకూ మొదటి వరసకూ మధ్య 3, మూడు వరసలు 600, రెండు జాయింట్లు 4. మొత్తం 607 మి.మీ. పైన కోయక్కర్లేదు, అక్కణ్ణుంచి సున్నపు గోడ మొదలవుతుంది.

ఇటుక వరసలా సగం జరిపి వేయాలా, నిలువు గీతలు కలిసేలా వేయాలా? సగం జరిపితే గోడ వంకర కొంత దాగుతుంది, కానీ మధ్య వరసలో రెండు చివర్లా సగం పలకలు కోయాలి. నిలువుగా కలిపితే కోత తక్కువ, ముందు ముందు మార్చడం తేలిక. అయితే తూనికగుండు, రసమట్టం రెండూ కచ్చితంగా ఉండాలి, లేకపోతే గీత తప్పింది గుమ్మంలోంచే కనపడుతుంది. మేం నిలువుగా కలిపాం.

ప్లగ్గు బాక్సులు పలక మధ్యలోనో, సరిగ్గా జాయింటు మీదనో రావాలి. పలక మూలలో వస్తే కోసేటప్పుడు పగులుతుంది. మేం వాటిని రెండడుగుల తెల్ల భాగం నుంచి తీసేసి పై సున్నపు గోడలోకి ఎక్కించాం. నీళ్ళు ఒకసారి జానెడు ఎక్కిన చోట ప్లగ్గు ఎంత పైనుంటే అంత మంచిది.

గీతలన్నీ గోడ మీద పెన్సిల్‌తో వేశాక పిన్ని గోధుమరంగు గీతను చూపించి, "మరి ఇది మూసుకుపోద్ది గదా?" అంది. నిజమే. అది మరక కాదు, డేటా. రేపు ఎవరైనా ఈ ఇంట్లో ప్లగ్గు ఎంత ఎత్తులో పెట్టాలి, బియ్యం డబ్బా ఎక్కడ ఉంచాలి అని అడిగితే జవాబు ఆ గీతే. నీటి గొట్టం పట్టి అదే మట్టాన్ని పక్క గుమ్మం చెక్క మీదికి తెచ్చి, ఉలితో గాటు పెట్టి, కింద 2022 అని చెక్కాం. చిందుగోడ డ్రాయింగులో నాకు బాగా నచ్చిన కొలత అదే.

7. గోడ ఆరిందా?

వరద తిన్న గోడ మీద, వానాకాలం వెళ్ళిన వెంటనే టైలు వేయకూడదు. లోపలి నీరు ఉప్పును వెంటబెట్టుకుని బయటికి వస్తుంది. దారిలో టైలు అడ్డమొస్తే ఉప్పు దాని వెనకే పేరుకుని పట్టు వదిలిస్తుంది.

పరీక్ష చాలా సులువు. దళసరి పాలిథిన్ ముక్క ఒకటిన్నర అడుగు చదరం తీసుకుని నాలుగు అంచులూ గోడకు గాలి దూరకుండా టేపుతో అంటించండి. కనీసం 16 గంటలు వదిలేయండి. తీసినప్పుడు లోపల చెమట పట్టినా, అక్కడ గోడ రంగు ముదిరినా ఇంకా ఆరలేదు. కాంక్రీటుకు వాడే అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం డీ 4263లో ఉన్న పద్ధతి ఇదే. మన ఇటుక గోడకూ సూచనగా పనికొస్తుంది. పిన్నివాళ్ళ గోడకు ఈ పరీక్ష ఏప్రిల్‌లో చేశాం, పొడిగా వచ్చింది.

ఆ గోడకు అవతల వసారా ఉంది. అటు వైపు ప్లాస్టిక్ ఎమల్షన్ వద్దని చెప్పి సున్నమే వేయించాం. సున్నం గోడను ఊపిరి తీసుకోనిస్తుంది. రెండు వైపులా టైల్సు వేస్తే, ఉదాహరణకు వంటింటి గోడకు అవతల స్నానాలగది ఉంటే, తాగిన నీరు పోయే దారే ఉండదు. వరద ఊళ్ళో అలాంటి గోడను ప్లాన్ గీసేటప్పుడే తప్పించాలి. డాడో సీలింగు దాకా వేయమని షాపువాళ్ళు చెబుతారు. మేం 607 మి.మీ. దగ్గర ఆపడానికి డబ్బు ఒక కారణం, గోడ ఆరడం ఇంకో కారణం.

8. అతికించడం

మన దగ్గర అలవాటు, పలక వెనక సిమెంటు అయిదు ముద్దలు పెట్టి గోడకు నొక్కడం. నాలుగు మూలలా నాలుగు, నడుమ ఒకటి. పని తొందరగా అవుతుంది. మధ్య ఖాళీలు మిగిలిపోతాయి. ఆ ఖాళీల్లోకి మామూలు రోజుల్లో బొద్దింకలు, వరద రోజుల్లో బురద నీరు.

దానికి బదులు టైలు అంటించే పొడి వాడి, పళ్ళ తాపీతో గోడ మీద ఒకే దిక్కుగా గాళ్ళు లాగి, పలకను నొక్కుతూ కాస్త జరిపితే గాళ్ళన్నీ పరుచుకుని ఖాళీ లేకుండా పడుతుంది. ఈ పొడులకు ఐఎస్ 15477 అనే ప్రమాణం ఉంది. లోపలి గోడకు మామూలు సెరామిక్ టైలు అయితే అందులో టైప్ 1 సరిపోతుంది. సంచి మీద నంబరు చూసి కొనండి. ఉత్త సిమెంటు మీద వేస్తే పలకలు ముందు నీళ్ళలో నానబెట్టాలి, లేకపోతే సిమెంటులో నీరంతా పలక తాగేస్తుంది. పొడి వాడితే సంచి మీద రాసిన పద్ధతే పాటించండి.

మొదటి రెండు పలకలు వేశాక ఒకటి పీకి వెనక చూడండి. అంతటా అంటుకుందా? అంటుకుంటే ముందుకు సాగండి. అంతా అయ్యాక మర్నాడు రూపాయి బిళ్ళతో ఒక్కో పలకా తట్టండి. నిండుగా ఉన్నది "టక్" అంటుంది, ఖాళీ ఉన్నది "డొక్కు" మంటుంది. చెవి చాలు, యంత్రం అక్కర్లేదు.

9. జాయింటు రంగు, దిష్టినీళ్ళ రసాయనం

పిన్ని షరతు ఇక్కడ వచ్చింది: "పలకలు తెల్లవి వేసుకో, సందులు మాత్రం తెల్లగా వద్దు."

ఎందుకో రసాయనం చెబుతుంది. పసుపులో రంగునిచ్చేది కుర్కుమిన్. అది నూనెలో కరుగుతుంది, అందుకే తాలింపు చుక్క అంత మొండిది. గాజుపూత మీద పడితే సబ్బు గుడ్డతో పోతుంది. సిమెంటు జాయింటు సన్నని రంధ్రాల మయం, పీల్చుకుంటుంది. పైగా కొత్త సిమెంటు క్షారం. పసుపులో సున్నం కలిపితే ఏమవుతుందో మనకు చిన్నప్పటి నుంచి తెలుసు, ఎర్రటి దిష్టినీళ్ళు. గుమ్మంలో పళ్ళెంలో జరిగేదే కొత్త జాయింటులోనూ జరుగుతుంది. పచ్చని చుక్క పడితే ఎర్రటి మచ్చ మిగులుతుంది. బట్టల సోడాతో తోమితే ఇంకా ఎర్రబడుతుంది.

దీనికి మూడు దారులు. ఒకటి, ఎపాక్సీ జాయింటు. పీల్చదు, మరక పట్టదు, కానీ ఖరీదు, పైగా చెమ్మను కూడా ఆపేస్తుంది. రెండు, సిమెంటు జాయింటే వేసి బాగా ఆరాక పైన సీలరు పూయడం. దాన్ని మళ్ళీ మళ్ళీ పూస్తుండాలి. మూడు, సిమెంటు జాయింటుకు బూడిద రంగు. మరక పడుతుంది గానీ పొడుచుకొచ్చినట్టు కనపడదు. పొయ్యి వెనక రెండు పలకల మేర ఎపాక్సీ, మిగతా అంతా బూడిద రంగు సిమెంటు అని తేల్చాం. ఎవరు తుడుస్తారో రంగు వాళ్ళే చెప్పాలి, డ్రాయింగు గీసినవాడు కాదు.

ఇంకో సంగతి. కుర్కుమిన్ ఎండకు నిలవదు. పసుపు మరక పడ్డ బట్టను అమ్మమ్మలు ఎండలో ఆరేసేది అందుకే. కిటికీ దగ్గరి జాయింటు మీద మరక కొన్నాళ్ళకు దానంతటదే వెలిసిపోతుంది. సాధ్యమైతే మసాలా నూరే చోటు కిటికీ వైపు పెట్టండి.

10. మట్టి గోడ అయితే?

చింతూరు చుట్టుపక్కల కోయ ఇళ్ళలో వెదురు తడికకు మట్టి మెత్తిన గోడలు ఇంకా చాలా ఉన్నాయి. వాటి మీద టైలు వేయొద్దు. తడిక గాలికి కదులుతుంది, మట్టి వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది. కదలని పలక కదిలే గోడ మీద నిలవదు.

అయినా ఆ గోడకు టైలు కావాలా అని కూడా ఆలోచించాలి. ఎర్రమట్టితో అలికిన గోడ మసి పడితే మళ్ళీ అలుకుతారు. చిందింది పొరలోకి ఇంకిపోతుంది, పైన కొత్త పొర వస్తుంది. మా తెల్ల గోడ తుడుచుకునే చిందుగోడ అయితే, అది పూసుకునే చిందుగోడ. వరద తర్వాత దాని మరమ్మతు సామాను ఇంటి పక్కనే తవ్వుకోవచ్చు, భద్రాచలం పోనక్కర్లేదు. ఆ కొలబద్దతో చూస్తే మా 24 పలకల కంటే అదే ముందుంది. మేం ఇటుక గోడకు చేసిందల్లా ఆ పాత సూత్రాన్ని కొత్త సామానుతో అందుకోవడానికి ప్రయత్నించడమే.

11. నీళ్ళు వచ్చి పోయాక

పిన్ని ప్రశ్నకు జవాబును ఒక కాగితం మీద రాసి, అటక మీద అయిదు పలకలతో పాటు పెట్టాం. అందులో ఉన్నది ఇది:

బురద ఆరకముందే మంచినీళ్ళతో కడగాలి, ఆరితే గీతలు పడతాయి. తర్వాత బ్లీచింగ్ పౌడరు నీళ్ళతో తుడవాలి. బాత్రూం యాసిడ్ వాడొద్దు, అది సిమెంటు జాయింటును తినేస్తుంది. బ్లీచింగూ యాసిడూ కలిస్తే క్లోరిన్ విషవాయువు వస్తుంది, కిటికీ ఒక్కటే ఉన్న గదిలో ప్రాణం మీదికి రావచ్చు. వసారా వైపు గోడకు ఏమీ ఆనించకుండా గాలి తగలనివ్వాలి. గోడ ఆరాక రూపాయి బిళ్ళతో మళ్ళీ తట్టాలి. డొక్కుమన్న పలకలు మాత్రమే తీయాలి. జాయింటు చెడితే గీకి మళ్ళీ నింపాలి.

అంటే నీళ్ళొస్తే టైల్సు ఏమైపోతాయన్న దానికి జవాబు, "ఏమీ కావు" అని కాదు. "కొన్ని పోవచ్చు. పోయినవి ఏవో తెలుస్తాయి. వాటికి జత అటక మీద ఉంది."

మీకు ఇంటి పని

ఈసారి ఊరెళ్ళినప్పుడు మీ వంటగట్టు వెనక గోడను కొలవండి. జాయింట్ల మొత్తం పొడవు లెక్కేయండి. రూపాయి బిళ్ళతో తట్టి డొక్కుమనే పలకలు ఎన్నో రాసుకోండి. గోడ అవతల ఏముందో చూడండి. ఆ తర్వాత ఆ గోడను రోజూ తుడిచే మనిషిని అడగండి, ఇందులో నీకు నచ్చనిది ఏమిటని. నాలుగు అంకెలు, ఒక జవాబు. అయిదూ ఒక కాగితం మీద రాసి తీసుకొస్తే వచ్చే క్లబ్ సమావేశంలో కలిసి లెక్క చూద్దాం.